లైకెనుల మర్మమెఱిగిన విలియం నిలాండర్

వర్షాకాలము గడచిన పిదప కొండమీది బండలను, మామిడిచెట్ల బెరడును, పాతగోడలను పరికించి చూచినచో వానిపై బూడిదరంగుగాను, లేతపచ్చగాను, పసుపుగాను అంటుకొనియున్న పలుచని పొరలు కానవచ్చును. చూచువారు వానిని పాచి యనియో, రాతికి పట్టిన మరక యనియో తలచి దాటిపోవుదురు. మన వంటలలో మసాలా దినుసుగా వాడు రాతిపువ్వు ఈ తెగలోనిదే. ఆమ్లమును, క్షారమును గుర్తించుటకు పాఠశాలలలో వాడు లిట్మసు రంగును మొదట తీసినది ఈ తెగనుండియే. వీనికి లైకెనులని పేరు.

లైకెనులకు వేళ్లు లేవు, పూవులు లేవు, విత్తులు లేవు. ఇతర మొక్కలు బ్రతుకజాలని చోటులందును అవి బ్రతుకును. మంచుగడ్డల ప్రక్కను, ఎండకు మాడిన బండలపైనను, సారములేని నేలపైనను పెరుగును. మొక్కలకు పేర్లు పెట్టి క్రమపఱచిన స్వీడను దేశపు మహాశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ సైతము వీనిని వృక్షలోకమునందలి కడు నిరుపేదలుగా భావించెను. 1753లో ప్రకటించిన తన గ్రంథమున లైకెనులనన్నింటిని ఒకే ప్రజాతిలో చేర్చి విడిచెను. అతని కడపటి శిష్యులలో నొకడైన అఖారియస్ అను వైద్యుడు ఆ యొక్క ప్రజాతిని పెక్కింటిగా విభజించి, లైకెను శాస్త్రమునకు పునాది వేసెను. కాని అఖారియస్ ప్రధానముగ కంటికిని, భూతద్దమునకును కనబడు లక్షణములనే ఆధారము చేసికొనెను.

అందుచే ఒక చిక్కు మిగిలిపోయెను. పైకి ఒక్క తీరుగ కనబడు రెండు లైకెనులు నిజముగ ఒక్కటియేనా, లేక వేఱువేఱా? పేరు తెలియని లైకెను చేతికి చిక్కినపుడు అది ఏదియని నిశ్చయించుట ఎట్లు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకై తన జీవితమును ధారవోసినవాడు విలియం నిలాండర్. అతని దృష్టి ఎంత నిశితమో, అతని పట్టుదల అంత కఠినము. ఆ దృష్టి అతనికి కీర్తి తెచ్చెను. ఆ పట్టుదల అతనిని ఒంటరిని చేసెను.

నిలాండర్ 1822వ సంవత్సరము జనవరి నెలలో ఫిన్లండు దేశమున ఔలు పట్టణమందు జన్మించెను. అది ఉత్తరముననున్న ఒక సముద్రతీర పట్టణము. ఆనాడు ఫిన్లండు రష్యా చక్రవర్తి ఏలుబడిలో నుండెను. అతడు పుట్టిన యేటనే ఆ పట్టణమున గొప్ప అగ్నిప్రమాదము సంభవించి ఇండ్లు పెక్కులు కాలిపోయెను. అతని యన్న ఫ్రెడ్రిక్ అతనికంటె రెండేండ్లు పెద్ద. అన్నదమ్ములిరువురును వైద్యము చదివిరి; ఇరువురును మొక్కల శాస్త్రమున పేరు గడించిరి.

ఆ ఉత్తరదేశమున లైకెనులు అపరిచితములు కావు. మనయూళ్ల బీళ్లలో గడ్డి మొలచినట్లు అచ్చటి దేవదారు అడవులలో నేలపై తెల్లని లైకెనులు తివాచీవలె పఱచుకొనియుండును. చలికాలమున రెయిన్‌డీరు అను జింకలు మంచును గిట్టలతో త్రవ్వి ఆ లైకెనులనే మేసి ప్రాణము నిలుపుకొనును. ఆ జింకలే అచ్చటి సంచారజనులకు బండి లాగును, పాలిచ్చును, ఆహారమగును. అల్పమని తోచు నేలలైకెను ఆ విధముగ మనుష్యుల జీవనమునకే ఆధారమైయున్నది.

నిలాండర్ హెల్సింకి విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి 1847లో పట్టము పొందెను. కాని అతని మనస్సు రోగులపై కంటె ప్రకృతిపైననే నిలిచెను. మొదట అతనిని ఆకర్షించినవి చీమలు. ఉత్తర ఐరోపాలోని చీమలను గూర్చి 1846లో, అనగా ఇరువదినాలుగవ యేట, అతడొక గ్రంథము ప్రకటించెను. అందతడు వర్ణించి పేరు పెట్టిన చీమలలో కొన్ని నేటికిని ఆ పేరులతోనే పిలువబడుచున్నవి. ఒక చీమకును మఱియొక చీమకును గల అత్యల్ప భేదమును పట్టుకొనుట అతనికి మంచి శిక్షణ అయ్యెను. పిదప ఆ చూపునే అతడు లైకెనులవైపు త్రిప్పెను.

లైకెనులను చక్కగ తెలిసికొనవలెనన్న ఒక్క దేశపు లైకెనులు చాలవు. ప్రపంచపు నలుమూలలనుండి ఓడలలో చేరిన మొక్కల నమూనాలు పారిస్ నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో గుట్టలుగ నుండెను. నిలాండర్ పారిస్ చేరి అచ్చట ఏండ్ల తరబడి పనిచేసెను. అతని బల్లపై సూక్ష్మదర్శిని, పదునైన కత్తి, నీటి గిన్నె, గాజు పలకలు; ఎదుట కాగితపు మడతలలో ఎండిన లైకెనులు. ఇవియే అతని ఐశ్వర్యము.

ఎండిన లైకెను మనుష్యుల కంటికి చచ్చినదానివలె తోచును. కాని దానిపై గిన్నెలవలెనో, బొట్లవలెనో కనబడు భాగములందు దాని వంశము దాగియున్నది. నిలాండర్ అట్టి గిన్నెనుండి వెండ్రుకకంటె పలుచని ముక్కను కోసి, నీటిబొట్టులో నుంచి, పైన గాజుపొర కప్పి సూక్ష్మదర్శినిలో చూచెడివాడు. అందు నిలువుగ ప్రక్కప్రక్కల నిలిచిన సన్నని సంచులు కానవచ్చును. ఆ సంచులలో సిద్ధబీజములు ఉండును. మొక్కలకు విత్తువలె, శిలీంధ్రములకును లైకెనులకును సిద్ధబీజము వంశాంకురము. పెక్కు లైకెనులలో సంచికి ఎనిమిదేసి బీజములుండును. బీజముల సంఖ్య, పొడవు, వెడల్పు, రంగు, వానిలోని అడ్డుగోడలు, వీనినన్నింటిని నిలాండర్ కొలిచి వ్రాసికొనెడివాడు.

ఇట్టి పరీక్షకు సొలొరినా అను నేలలైకెను చక్కని నిదర్శనము. సున్నపుపాలు గల తేమనేలపై, కొండల రాతిసందులలో ఇది పెరుగును. చిన్న ఆకువలె నేలకంటుకొనియుండును. తడిసినపుడు పచ్చగ నుండును. ఎండినపుడు బూడిదరంగునకు తిరుగును. దాని ఆకుపై వ్రేలితో నొక్కినట్లు గుంటలు పడి, ఆ గుంటల అడుగున ముదురు గోధుమరంగు బిళ్లలు కనబడును. లిన్నేయస్ దీనిని ఎఱుగును. సంచివలె గుంటలు పడియుండుటచే ఆ యర్థము వచ్చునట్లు దానికి పేరు పెట్టెను. అఖారియస్ 1808లో సొలొరినా అను ప్రత్యేక ప్రజాతిని ఏర్పఱచెను. దానికి దగ్గఱి చుట్టమొకటి క్రింది భాగమున కుంకుమపువ్వు రంగు కలిగియుండును గనుక ఆకును తిరుగవేసినంతనే తెలిసిపోవును. అట్టివానికి కన్ను చాలును.

కాని సంచి గుంటల సొలొరినా వలెనే కనబడుచు, కొంచెము చిన్నదిగ, పైన తెల్లని పొడి చల్లినట్లుండు లైకెనులు కొన్ని పర్వతములపై దొరకుచుండెను. నేల బీదదగుటచే మొక్క చిన్నదైనదా? చలికి గిడసబారినదా? లేక జాతియే వేఱా? కంటితో ఎంతసేపు చూచినను ఇది తేలదు. సూక్ష్మదర్శిని ఈ తగవును తీర్చెను. సంచి గుంటల సొలొరినాలో ఒక్కొక్క సంచియందు నాలుగు బీజములుండును. ఈ చిన్నదానిలో సంచికి రెండే యుండును. రెండింటి బీజములును గోధుమరంగువే. రెండింటి బీజములును నడుమ నొక అడ్డుగోడతో రెండు గదులుగ నుండును. కాని సంచికి రెండే యున్న బీజములు మిక్కిలి పెద్దవి. మిల్లీమీటరులో పదియవ వంతునకు అటునిటుగ వాని పొడవుండును. నిలాండర్ దీనిని ప్రత్యేక జాతిగా నిశ్చయించి, తన మహాగ్రంథమున 1860లో రెండు బీజములదియను అర్థము వచ్చు లాటిను పేరుతో ప్రకటించెను. నూటయరువది యేండ్లు దాటినను ఆ పేరు చెరగలేదు.

ఆ కాలముననే ఇటలీ దేశమున మస్సలోంగో, జర్మనుల దేశమున కోయెర్బర్ అను పండితులు బీజములనే ప్రధానముగ గైకొని లైకెనులను విభజించుచుండిరి. నిలాండర్ బీజములను వారివలెనే శ్రద్ధతో కొలిచినను, బీజమొక్కటియే ప్రమాణమగుట కంగీకరింపలేదు. ఆకు రూపము, లోపలి పొరలు, సంచులు, బీజములు, పెరుగు చోటు, ఇవన్నియు కలిసి సాక్ష్యమిచ్చిననే తీర్పు చెప్పవలెనని అతని మతము. న్యాయస్థానమున ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదు గదా! ఈ విషయమున కాలము చాలవరకు నిలాండర్ పక్షమునే నిలిచినది.

1857లో హెల్సింకి విశ్వవిద్యాలయము అతనిని వృక్షశాస్త్రాచార్యునిగ నియమించెను. స్వదేశమున గౌరవమైన పదవి, స్థిరమైన జీతము. అయినను అతని హృదయము పారిస్ నమూనాలయందే యుండెను. 1863లో అతడు ఆ పదవిని విడిచి పారిస్ నగరమునకే వెడలిపోయెను. అది మొదలు తుదివఱకు ఆ నగరమే అతని నివాసము.

1866వ సంవత్సరము అతని జీవితమున ముఖ్యమైనది. రూపమును బీజమును పరీక్షించిన పిదపకూడ కొన్ని లైకెనుల విషయమున సందేహము మిగులుచుండెను. అట్టిచోట నిలాండర్ రసాయనముల సాయము కోరెను. లైకెనుపై కాస్టిక్ పొటాషు ద్రవమును ఒక్క చుక్క వేసెను. మఱియొక చోట బ్లీచింగు పొడి కలిపిన నీటిని ఒక్క చుక్క వేసెను. కొన్ని లైకెనులు చుక్క పడినంతనే పసుపుగనో ఎఱ్ఱగనో మాఱెను. కొన్ని మాఱకయే యుండెను. మన యిండ్లలో పసుపునకు సున్నము తగిలినంతనే ఎఱ్ఱనగుట చూచుచున్నాము. ఇదియు అట్టిదే. లైకెనులలో వాని కవియే తయారు చేసికొను ప్రత్యేక పదార్థములు కలవు; క్షారము తగిలినపుడు అవి రంగు మాఱును. ఐరోపాలో గోడలపైనను చెట్లపైనను పసుపుపచ్చని లైకెనులు పెక్కు గలవు. వానిలో జాంథోరియా అనునది కాస్టిక్ పొటాషు చుక్కకు ముదురు ఎఱుపగును. అదే రంగుగల క్యాండెలేరియా అనునది మాఱదు. ఒక్క చుక్కతో రెండింటికిని భేదము తేలిపోవును.

ఈ పద్ధతిని విని కొందఱు పండితులు పెదవి విఱిచిరి. మొక్కలను గుర్తించుటకు సీసాలలోని ద్రవములెందుకని వారి యాక్షేపణ. కాని పరీక్ష సులభము, ఫలితము స్పష్టము. తరువాతి కాలమున జపాను దేశపు ఆసాహినా మొదలగువారు దానిని మఱింత పెంపొందించిరి. నేటికిని లైకెనులు సేకరించువాని సంచిలో ఆ రెండు ద్రవముల చిన్న సీసాలు ఉండక మానవు.

ఆ యేటనే అతడు మఱియొక సత్యమును కనిపెట్టెను. పారిస్ నగర మధ్యమున లక్సెంబర్గు ఉద్యానవనము కలదు. అచ్చటి చెట్ల మాకులపై పెరుగు లైకెనులను నిలాండర్ ఒక్కొక్కటిగ లెక్కించి జాబితా వ్రాసెను. నగరపు ఇతర భాగములలో లైకెనులు బహు తక్కువ. ఈ తోటలో మాత్రము సమృద్ధిగ నుండెను. కారణమేమి? నగరపు గాలి పొగతో చెడియున్నది. తోటలో గాలి కొంత మేలు. లైకెనులకు వేళ్లు లేవు గనుక అవి తమకు వలసిన నీటిని, లవణములను గాలినుండియు, వాననుండియు ఒడలంతటితోను పీల్చుకొనును. గాలిలో విషమున్నచో దానిని కూడ పీల్చి నశించును. కావున లైకెనులు గాలియొక్క ఆరోగ్యమును తెలుపు కొలబద్దలని అతడు వ్రాసెను. వాయుకాలుష్యమను మాట జనుల నోట నానుటకు ఎంతో ముందు చెప్పబడిన మాట ఇది. ముప్పది యేండ్లు గడచిన పిదప, 1896 నాటికి, బొగ్గుపొగ పెరిగి ఆ తోటలోని లైకెనులు అంతరించిపోయినవి. తాను లెక్క వ్రాసిన ప్రాణులు కనుమఱుగగుటను అతడు తన ముసలితనమున తానే గ్రంథస్థము చేయవలసివచ్చెను.

ఇంత సూక్ష్మదృష్టి గల నిలాండర్ ఒక్క విషయమున మాత్రము కన్ను మూసికొనెను. లైకెనును కోసి చూచినపుడు అందు రంగులేని సన్నని దారములును, వాని నడుమ పచ్చని గుండ్రని కణములును కనబడును. ఆ పచ్చని కణములు లైకెను తానే పుట్టించుకొను అవయవములని అందఱును తలచుచుండిరి. 1867లో స్విట్జర్లండు దేశపు ష్వెండెనర్ ఆశ్చర్యకరమైన మాట చెప్పెను. లైకెను ఒక్క ప్రాణి కాదు, రెండు. దారములు శిలీంధ్రము, పచ్చని కణములు శైవలము. శైవలము ఎండనుండి ఆహారము వండును. శిలీంధ్రము దానిని చుట్టుకొని ఉండి ఆ యాహారము తిని బ్రతుకును. ఇదియే అతని సిద్ధాంతము.

నిలాండర్‌కు ఇది దుస్సహమయ్యెను. లైకెనులు స్వతంత్రమైన వంశమని నమ్మి అతడు జీవితమంతయు వానికి పేర్లు పెట్టెను. ఇపుడు అవి శిలీంధ్రముల చెఱలోని శైవలములని చెప్పినచో, తన శాస్త్రమునకే అవమానమని అతడు భావించెను. అతడు ఈ వాదమును వ్రాతలలో తీవ్రముగ ఎదిరించెను, ఎగతాళి చేసెను. అతడొక్కడే కాదు, ఆ కాలపు లైకెను పండితులలో పెక్కుమంది ఆ పక్షమునే యుండిరి.

కాని సాక్ష్యములు ఒక్కటొక్కటిగ వచ్చి చేరెను. 1873లో ఫ్రాన్సు దేశపు బోర్నే పెక్కు లైకెనులను పరీక్షించి శిలీంధ్రము శైవలమును పట్టుకొను తీరును చూపెను. 1877లో జర్మనీ దేశపు ష్టాల్ మఱియొక నేలలైకెనును తీసికొని, దాని సిద్ధబీజములను, దాని పచ్చని కణములను చేర్చి పెంచి, క్రొత్తగ సంపూర్ణమైన లైకెనునే పుట్టించెను. ఆ క్రొత్తదానియందు మరల సిద్ధబీజములు కూడ ఏర్పడెను. ఇంతకంటె రుజువేమి కావలయును? ఏ సిద్ధబీజములను నిలాండర్ వేలకొలది కొలిచెనో, ఆ సిద్ధబీజములే అతని నమ్మకమునకు ఎదురు సాక్ష్యమిచ్చినవి. అవి శిలీంధ్రపు బీజములు మాత్రమే. తాను సంచికి రెండేసి బీజములు చూచి పేరు పెట్టిన సొలొరినాలో శిలీంధ్రముతోపాటు పచ్చని శైవలమును, నీలిపచ్చని నాస్టాక్ అను మఱియొక జీవియు గూడ కలదు. అనగా దానిలో ఇద్దఱు కాదు, ముగ్గురు కాపురము చేయుచున్నారు. ఇట్టి కలిసి బ్రదుకుటనే శాస్త్రజ్ఞులు సహజీవనమందురు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించువానివలె నిలాండర్ తుదివఱకు తన మాట విడువలేదు. రెండు బీజములకును నాలుగు బీజములకును గల భేదమును చూచి జాతిని నిశ్చయించినవాడు, ఎదుట పెట్టిన రుజువును చూడ నిరాకరించెను. తన మతము నంగీకరింపనివారితో అతడు మైత్రిని తెంచుకొనెను. శిష్యులవంటివారు దూరమైరి, సహాధ్యయులు శత్రువులైరి. పారిస్ నగరమున ఒంటరిగ, నిరాడంబరముగ, సూక్ష్మదర్శిని ముందు అతని వార్ధక్యము గడచెను. అయినను పని మాత్రము ఆగలేదు. దూరదేశములనుండి వచ్చు కట్టలను విప్పుట, కోయుట, కొలుచుట, లాటిను భాషలో వర్ణన వ్రాయుట, ఇదే అతని దినచర్య.

1899వ సంవత్సరము మార్చి నెలలో, డెబ్బదియేడవ యేట, నిలాండర్ పారిస్ నగరమున పరమపదించెను. అతడు కూడబెట్టిన 50,000కు పైగా నమూనాలు, అతని కోరిక ప్రకారము, స్వదేశమునందలి హెల్సింకి విశ్వవిద్యాలయమునకు చేరినవి. అవి నేటికిని అచ్చట భద్రముగ నున్నవి. ఏదేని లైకెను పేరును గూర్చి సందేహము కలిగినపుడు, పండితులు ఆ కాగితపు మడతలను విప్పి, నిలాండర్ చూచిన ముక్కనే మరల చూచి సంశయము తీర్చుకొందురు. అతని వాదమును త్రోసిపుచ్చినవారి వారసులకును అతని నమూనాలే శరణ్యములు.

లక్సెంబర్గు ఉద్యానవనము కథ కూడ అచ్చటితో ముగియలేదు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున పారిస్ నగరపు గాలిలో గంధకపు పొగ క్రమముగ తగ్గెను. ఆ తోటలోని చెట్లపై లైకెనులు మరల వెలసినవని 1991లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దాదాపు నూఱేండ్లు కనబడక పోయిన చిన్న జీవులు తిరిగి వచ్చి, అవి గాలికి కొలబద్దలని నిలాండర్ చెప్పిన మాటను నిజము చేసినవి.

నిలాండర్ చరిత్రమునుండి నేర్వవలసినది రెండు విధములుగ నున్నది. అల్పమైన దానిని అలక్ష్యము చేయక, ఒక్క సాక్ష్యముతో తృప్తిపడక, రూపమును, బీజమును, రసాయన గుణమును పరీక్షించి సత్యమును నిర్ణయించిన అతని శ్రద్ధ అనుకరణీయము. తాను నమ్మినదానికి విరుద్ధమైన సత్యము ఎదురైనపుడు దానిని తిరస్కరించిన అతని పంతము వర్జనీయము. సూక్ష్మదర్శిని చిన్నవస్తువును పెద్దదిగ చూపగలదు గాని, చూడ నొల్లని మనస్సునకు ఏదియు చూపజాలదు.